క్రిస్టల్ స్థానంలో పాత వాల్వు వీఎఫ్‌ఓను కలపడం

అమెరికాలో నోవిస్ (ప్రారంభ స్థాయి) లైసెన్సు పొందిన హ్యామ్‌లు, అంటే అభిరుచి కొద్దీ రేడియో నడిపేవారు, 1972 దాకా ఒకే ఫ్రీక్వెన్సీని ఇచ్చే క్రిస్టల్‌తోనే ప్రసారం చేయవలసి ఉండేది. వారి కోసం తయారైన చిన్న ట్రాన్స్‌మిటర్లు చాలావాటిలో వీఎఫ్‌ఓ (ఫ్రీక్వెన్సీని మార్చుకోగల ఆసిలేటర్, అంటే డోలనాలు పుట్టించే సర్క్యూట్) లోపల ఉండదు; దానిని విడి పెట్టెగా కలుపుకోవాలి. హీత్‌కిట్ వీఎఫ్-1 అలాంటి పెట్టెయే. అందులో 6ఏయూ6 వాల్వు ఆసిలేటర్‌గానూ, ఓఏ2 గ్యాస్ ట్యూబు వోల్టేజిని నిలకడగా ఉంచడానికీ పనిచేస్తాయి.

దశాబ్దాల పాటు మూలన పడి ఉన్న పెట్టెను నేరుగా కరెంటుకు తగిలించకూడదు. ముందుగా కాగితపు కెపాసిటర్లనూ, ఎలక్ట్రోలిటిక్‌లనూ మార్చాలి. ట్యూనింగ్ సర్క్యూట్‌లోని మైకా కెపాసిటర్ల జోలికి మాత్రం, ఫ్రీక్వెన్సీ ఉన్నట్టుండి గెంతుతుంటే తప్ప, వెళ్లవద్దు. ట్రాన్స్‌మిటర్ 115 వోల్టులదైతే మన 230 వోల్టులకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఆ కాలంలో వీఎఫ్‌ఓకు విద్యుత్తును ట్రాన్స్‌మిటర్ నుంచే తీసుకునేవారు. విడి సప్లై మేలని నా అభిప్రాయం. మోర్స్ కీ నొక్కినప్పుడు ట్రాన్స్‌మిటర్ వోల్టేజి కొంత పడిపోతుంది; ఓఏ2 తన 150 వోల్టులను కాపాడుతుంది గాని, వాల్వును వేడిచేసే హీటర్ వోల్టేజిని కాపాడలేదు. సప్లై 300 వోల్టులై, మొత్తం కరెంటు 25 మిల్లీయాంపులైతే, మిగిలిన 150 వోల్టులను తగ్గించడానికి 6,000 ఓముల రెసిస్టర్ కావాలి. దానిపై దాదాపు 3.75 వాట్లు వేడిగా మారతాయి కనుక 10 వాట్లది వేయాలి.

అసలు జాగ్రత్త, వీఎఫ్‌ఓను కలిపే క్రిస్టల్ సాకెట్ దగ్గర అవసరం. ప్లగ్ తీసి, ఫిల్టర్ కెపాసిటర్లను డిశ్చార్జ్ చేసిన తర్వాత, సాకెట్‌లోని ఏ పిన్ను చాసిస్‌కు (లోహపు చట్రానికి) కలిసి ఉందో ఓమ్ మీటరుతో చూడాలి. కోయాక్స్ కేబుల్ పై జాలీని ఆ పిన్నుకూ, లోపలి తీగను 1,000 వోల్టుల 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా రెండో పిన్నుకూ కలపాలి. కొన్ని సర్క్యూట్లలో ఏ పిన్నూ చాసిస్‌కు కలవదు. ఒకటి వాల్వులో సంకేతం అందుకునే గ్రిడ్‌కు, మరొకటి వందల వోల్టులుండే దాని స్క్రీన్‌కో ప్లేటుకో వెళుతుంది. అప్పుడు సర్క్యూట్ పటం చూసి గ్రిడ్ పిన్నుకే సంకేతం ఇచ్చి, జాలీని చాసిస్‌కు మాత్రమే బిగించాలి. పటం దొరకకపోతే ఆ పని వాయిదా వేయడమే మంచిది.

తర్వాత ఏరియల్ బదులు డమ్మీ లోడ్ (శక్తిని ప్రసారం కానివ్వకుండా వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టి పరీక్షించాలి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర క్రిస్టల్ దశ అదే ఫ్రీక్వెన్సీలో ఆంప్లిఫయర్‌గా మారుతుంది కాబట్టి, ఒక్కోసారి తనంతట తానే డోలనం చేస్తుంది. వీఎఫ్‌ఓను ఆపి ఒక్క క్షణం కీ నొక్కి చూడండి: ఫైనల్ (చివరి ఆంప్లిఫయర్ దశ) గ్రిడ్ కరెంటు సున్నాకు పడిపోవాలి. పడకపోతే గాలిలోకి పోయేది మీరు కోరిన ఫ్రీక్వెన్సీ కాదు.

అరగంట వేడెక్కనిచ్చి, మూత బిగించిన తర్వాతే డయల్ సరిచూడాలి; మూత తీసి సరిచేసిన ఫ్రీక్వెన్సీ మూయగానే జరిగిపోవడం నాకు అనుభవమే. 7 నుంచి 28 మెగాహెర్ట్జ్‌కు నాలుగు రెట్లు పెంచితే 100 హెర్ట్జ్‌ల జరుగుడు 400 అవుతుందని గుర్తుంచుకోవాలి. మోర్స్ చుక్క మొదట్లో రిసీవర్‌లో పిచ్చుక కూతలా వినిపిస్తే, వీఎఫ్‌ఓను నిరంతరంగా నడిపి తర్వాతి దశలనే కీ చేయాలి. మన 40 మీటర్ల బ్యాండు 7,000 నుంచి 7,200 కిలోహెర్ట్జ్ దాకా ఉంది. పాత డయల్‌ను నమ్మి అంచులకు వెళ్లకుండా, ప్రతిసారీ రిసీవర్‌లో విని నిర్ధారించుకోవాలి.