పెరిగే ఆఫీసుకు నెట్‌వర్క్ – 4వ పాఠం: అడ్రస్‌ల మధ్య ఖాళీ వదలడం

గత పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను: ఒక ఉద్యోగి కంప్యూటర్‌కు 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది, లోపం ఎక్కడ వెతకాలి? అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాకపోవడంతో కంప్యూటర్ తనంతట తాను పెట్టుకున్న అడ్రస్ అది. కాబట్టి ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేసి లాభం లేదు. ముందు కేబుల్ చూడాలి. తర్వాత స్విచ్ పోర్టు ఏ వీల్యాన్‌లో (అవే స్విచ్‌ల మీద విడదీసిన విడి నెట్‌వర్క్) ఉందో చూడాలి. ఆ రెండూ బాగుంటే, పంచడానికి సర్వర్ దగ్గర అడ్రస్‌లు మిగిలి ఉన్నాయో లేదో చూడాలి. ఈ పాఠం ఆ మూడో కారణం గురించే.

మనుషులను లెక్కపెట్టి అడ్రస్‌లు కేటాయిస్తే తప్పకుండా దెబ్బతింటాం. ఒక్కో ఉద్యోగికి ల్యాప్‌టాప్, జేబులో ఒక ఫోను, బల్ల మీద మరో ఐపీ ఫోను ఉంటాయి. గోడకు కెమెరాలు, గుమ్మం దగ్గర వేలిముద్రల యంత్రం సరేసరి. 80 మంది ఆఫీసుకే /24 (మొదటి మూడు సంఖ్యలు ఒకటే ఉన్న అడ్రస్‌ల గుంపు; గీత పక్క సంఖ్య తగ్గేకొద్దీ గుంపు పెద్దది) ఇచ్చే 254 అడ్రస్‌లు చాలకపోవచ్చు. దీనికి లీజు గడువు, అంటే ఇచ్చిన అడ్రస్ ఒక పరికరం పేరున ఎన్నాళ్లు ఉంటుందన్నది, తోడవుతుంది. విండోస్ సర్వర్‌లో మనం మార్చకపోతే అది 8 రోజులు. సోమవారం గంటసేపు వచ్చి వెళ్లిన అతిథి ఫోను పేరున ఆ అడ్రస్ వారమంతా అలాగే ఉండిపోతుంది. అతిథుల వైఫైకి రెండు మూడు గంటల గడువు చాలు.

ఇక పంపకం. సొంత నెట్‌వర్కుల కోసం 1996లో ఖరారైన శ్రేణులు మూడు: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. ఆఫీసుకు 192.168.0 గానీ 192.168.1 గానీ వద్దే వద్దు. చాలా ఇళ్లలో రౌటర్లు వాడేవి అవే. ఇంటి నుంచి వీపీఎన్ ద్వారా ఆఫీసు నెట్‌వర్క్‌లో చేరిన ఉద్యోగి ఆఫీసు ప్రింటర్‌ను పిలిస్తే, ఇంట్లో అదే అడ్రస్ ఉన్న టీవీ పలకవచ్చు. 172.17తో డాకర్ (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవారికి ఇదే తలనొప్పి, ఎందుకంటే అది మామూలుగా తీసుకునే శ్రేణి అదే. నా ఓటు 10కే. అందులో 1,67,77,216 అడ్రస్‌లున్నాయి, పిసినారితనం అక్కర్లేదు.

విజయవాడలో ప్రధాన కార్యాలయం ఉన్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. దానికి 10.16.0.0/16 ఇవ్వండి. రేపు హైదరాబాద్ శాఖ తెరిస్తే 10.17, విశాఖకు 10.18. ఇలా 10.31 వరకు పదహారు ఊళ్లు 10.16.0.0/12 అనే ఒక్క పద్దులో ఇమిడిపోతాయి. రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ‘మా ఆఫీసులన్నీ’ అని చెప్పడానికి ఒక్క వరుస చాలు.

అసలు కిటుకు అడ్రస్‌లో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మూడోదానిలో ఉంది. చాలామంది సిబ్బందికి 10, ఫోన్లకు 20, కెమెరాలకు 30 అంటూ పదుల లెక్కన ఇస్తారు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ మాస్క్‌కు, అంటే గుంపు పరిమాణం చెప్పే /24 లాంటి గుర్తుకు, పదుల లెక్క తెలియదు, రెట్టింపులే తెలుసు. /22 అంటే నాలుగు వరుస /24 గదులు, అవి నాలుగు భాగించే అంకెతోనే మొదలవ్వాలి. 30ని /22గా పెంచితే అది 28 నుంచి 31 వరకు పరుచుకుంటుంది. మధ్యలో 28 ఇంకొకరికి ఇచ్చి ఉంటే పని ఆగిపోయినట్టే. అందుకే ఎనిమిదేసి ఎడం పాటించండి: సిబ్బందికి 10.16.8.0/24, ఫోన్లకు 10.16.16.0/24, కెమెరాలకు 10.16.24.0/24, అతిథులకు 10.16.32.0/24. వీల్యాన్ సంఖ్యలు కూడా అవే, 8, 16, 24, 32. ఇప్పుడు ప్రతి విభాగమూ పక్కవారిని కదపకుండా /23 (510), /22 (1022), చివరికి /21 (2046) దాకా పెరగగలదు. పెరగగలదు కదా అని /21 దాకా పోనివ్వకండి. ఒకే వీల్యాన్‌లో 500 దాటుతుంటే బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి వెళ్లే సందేశాల) రద్దీని భరించేకంటే, అంతస్తుల వారీగా కొత్త వీల్యాన్ తెరవడం మేలని నా అభిప్రాయం.

మాస్క్ పెంచే రోజు జాగ్రత్త. డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ తీసుకునేవి లీజు పునరుద్ధరించుకున్నప్పుడు కొత్త మాస్క్ అందుకుంటాయి. చేత్తో అడ్రస్ రాసిన ప్రింటర్ మాత్రం పాత /24లోనే ఉంటుంది. 10.16.9.50 కంప్యూటర్ పలకరిస్తే ప్రింటర్ దాన్ని పక్క వీధి మనిషి అనుకుని జవాబును గేట్‌వేకి (వేరే నెట్‌వర్క్‌లకు దారి చూపే పరికరానికి) పంపుతుంది. గేట్‌వే మామూలు రౌటర్ అయితే నెట్టుకొస్తుంది. ఫైర్‌వాల్ అయితే, సంభాషణలో తాను ఒక వైపే చూశాను కాబట్టి తెంచేస్తుంది. ‘కొందరికి ప్రింట్ వస్తోంది, కొందరికి రావడం లేదు’ అనే వింత ఫిర్యాదు ఇలాంటి చోట పుడుతుంది. ప్రింటర్లకు, కెమెరాలకు చేత్తో రాయకుండా, వాటి మ్యాక్ అడ్రస్ (తయారీలోనే వేసే గుర్తింపు సంఖ్య) ఆధారంగా డీహెచ్‌సీపీలోనే రిజర్వేషన్ పెడితే ఈ బెడద ఉండదు.

వచ్చే పాఠానికి ముందు కాగితం మీద ఇవి చేసి ఉంచండి. ఒకటి, 10.16.24.0/21లో 10.16.31.200 ఉందా? రెండు, 10.16.28.0/21 అని రాస్తే తప్పేమిటి? మూడు, మీ ఆఫీసులో చేత్తో అడ్రస్ రాసిన పరికరాలెన్నో తిరిగి చూసి జాబితా రాయండి. ఐదో పాఠంలో ఆ జాబితాతోనే పర్యవేక్షణ మొదలుపెడతాం.