ఎయిర్ రైఫిల్‌తో ఒక పూట: పది మీటర్ల గురి ఏర్పాటు

నలుగురు స్నేహితులు ఒక పూట గురిపందెం పెట్టుకోవాలంటే ముందు చూడాల్సింది తుపాకీ కాదు, గురి పెట్టే కార్డు వెనక ఏముందో. ఎయిర్ రైఫిల్ బొమ్మ కాదు. గురి తప్పిన పెల్లెట్ (చిన్న సీసపు గుండు) వందల మీటర్లు పోతుంది, కంటికి తగిలితే చూపు పోతుంది. అందుకే ఈ వివరాల్లో సగం చోటు గురించి, ఆగే గోడ గురించి ఉంటాయి.

ఆయుధ నిబంధనలు-2016 ప్రకారం బోరు (గొట్టం లోపలి వ్యాసం) 0.177 అంగుళం (4.5 మి.మీ.), శక్తి 20 జౌల్స్ మించని ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. 0.22 బోరుకు కావాలి. లెక్క సులువే: అర గ్రాము పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళ్తే శక్తి 10 జౌల్స్. బిల్లు, ఆధార్ కాపీ వెంట ఉంచుకోండి. తుపాకీని ఖాళీగా, కవర్లో పెట్టి తీసుకెళ్లండి, బండి మీద భుజాన వేలాడదీసుకుని వెళ్లొద్దు. ఊళ్లో పెద్దలకీ స్టేషన్‌కీ ముందురోజే ఒక మాట చెప్పి ఉంచితే చప్పుడు విని ఎవరూ కంగారు పడరు.

పిట్ట మీదకీ ఉడత మీదకీ గురి పెట్టకూడదు. తేలినీలాపురం, తేలుకుంచి లాంటి చోట్ల వలస కొంగల్ని ఊళ్లవాళ్లే కాపాడుకుంటున్న శ్రీకాకుళం జిల్లా ఇది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచీ ఉంది. సరదాకైనా తుపాకీ చెట్టు వైపు ఎత్తినవాడికి ఆ రోజు ఆట అయిపోయినట్టే అని మొదటే చెప్పేయండి.

చోటు

మా ఓటు ఖాళీగా ఉన్న గోదాముకే. సరుకు లేని రైస్ మిల్లు షెడ్డో, జీడిపప్పు గోదామో దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. పొడవు 13 మీటర్లు ఉంటే చాలు: కాల్చే గీత నుంచి కార్డు దాకా 10, కార్డు వెనక 1, మనిషి వెనక 2. దూరాన్ని అడుగులతో కాదు, టేపుతో కొలవండి. కార్డుల వైపు తలుపు ఉంటే లోపలి నుంచి గడియ పెట్టి తాళం వేయాలి.

ఆరుబయట అయితే కార్డు పడమర వైపు ఉండాలి. పొద్దున్నే ఎండ మీ వీపున ఉండి కార్డు మీద పడుతుంది. కళింగపట్నం, భోగాపురం వైపు తోటల్లో పొద్దెక్కే కొద్దీ సముద్రపు గాలి లేస్తుంది. పది మీటర్లలో పెల్లెట్ పెద్దగా పక్కకు పోదు కానీ కార్డు ఊగుతుంది, చేయి ఊగుతుంది. ఏడింటికి మొదలుపెట్టి పదిన్నరకల్లా ముగించడం మంచిది. చెరువు గట్టు చూడగానే దీనికోసమే కట్టినట్టు అనిపిస్తుంది గానీ వద్దు. గట్టు మీద మనుషులూ గొడ్లూ నడుస్తుంటారు, నీటి మీద పడిన పెల్లెట్ ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. జీడి ఏరే రోజుల్లో తోటల జోలికి పోవద్దు. చెట్ల కింద వంగి ఉన్న మనిషి కనబడరు.

పెల్లెట్ ఆగే పెట్టె

అడుగున్నర పొడవు, అడుగున్నర ఎత్తు, అరడుగు లోతున్న చెక్కపెట్టె. వెనక పలక 18 మి.మీ. ప్లైవుడ్. లోపల పాత నూలు చీరలు, పంచెలు మడతలు పెట్టి గట్టిగా దట్టించండి. ముందు అట్ట మూత, దాని మీద కార్డు. పెట్టె ముందుకు వాలకుండా కాళ్లకు బరువు కట్టండి. వంద దెబ్బలు ఒకేచోట పడితే గుడ్డల్లో బిలం ఏర్పడి పెల్లెట్ నేరుగా ప్లైవుడ్‌ని తాకడం మొదలవుతుంది. చప్పుడు ‘డబ్’ నుంచి ‘టక్’కు మారితే అదే గుర్తు. ఆపి, గుడ్డలు తీసి మళ్లీ దట్టించాలి.

పెట్టెకి తగలనివి గోడకి తగులుతాయి. ఇటుకకీ సిమెంటుకీ తగిలిన పెల్లెట్ వెనక్కి ఎగిరొస్తుంది. గోడకి జానెడు ముందు రెండు వరసల పాత రగ్గులు బిగించకుండా వదులుగా వేలాడదీయండి. వదులుగా ఉన్న రగ్గు దెబ్బని మింగేస్తుంది, బిగించి కడితే ఆ గుణం పోతుంది. బయట అయితే గోనెసంచుల్లో ఇసుక నింపి గోడలా పేర్చాలి. ఇసుకని జల్లెడ పట్టి నింపండి. ఒక్క గులకరాయి ఉన్నా పెల్లెట్ తిరిగొస్తుంది. సంచుల గోడ కార్డు కన్నా రెండడుగులు ఎత్తు, అటూఇటూ రెండడుగులు వెడల్పు ఉండాలి.

కార్డు, పెల్లెట్లు

అభినవ్ బింద్రా 2008 ఒలింపిక్స్‌లో స్వర్ణం కొట్టిన 10 మీటర్ల రైఫిల్ కార్డులో పది అంకె అర మిల్లీమీటరు చుక్క. ఓపెన్ సైట్లతో (తుపాకీ మీదుండే మామూలు గురి పలకలు) మొదటిసారి కూర్చున్నవాళ్లకి అది ఉసూరుమనిపిస్తుంది. పిస్టల్ కార్డు పెట్టండి. వృత్తాల వ్యాసం: పది 11.5 మి.మీ., తొమ్మిది 27.5, ఎనిమిది 43.5, నల్లటి భాగం అంచు 59.5. ఫైలు ప్రింటు షాపుకిచ్చి శుభలేఖల మందం ఉన్న అట్ట మీద ఏ4లో తీయించండి. పల్చటి కాగితం చిరిగిపోయి చిల్లు ఎక్కడుందో తెలియదు. ప్రింటర్ ‘పేజీకి సరిపెట్టు’ అన్న సెట్టింగులో ఉంటే బొమ్మ కుంచించుకుపోతుంది. మొదటి కార్డు రాగానే నల్లటి వృత్తాన్ని స్కేలుతో కొలవండి, 59.5 రాకపోతే మళ్లీ తీయించండి.

పెల్లెట్లు తల చదునుగా ఉన్నవి కొనండి. అట్టలో గుండ్రంగా, శుభ్రంగా చిల్లు కోస్తాయి. మొన తేలినవి చింపుతాయి. స్టీలు గుండ్లు వద్దు. వెనక్కి ఎగురుతాయి, బ్యారెల్ లోపలి గాళ్లని అరగదీస్తాయి. తలకి వంద చొప్పున నలుగురికి 500 డబ్బా ఒకటి సరిపోతుంది. కంటికి తెల్ల సేఫ్టీ గాగుల్స్ కాల్చేవాళ్లకే కాదు, అక్కడున్న అందరికీ కావాలి.

వరస

ఒకరు రేంజ్ ఆఫీసర్. అతను కాల్చడు, గంటకొకసారి మనిషి మారాలి. మాటలు నాలుగే: లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్. స్టాప్ మాత్రం ఎవరైనా అరవొచ్చు. అన్‌లోడ్ తర్వాత తుపాకులు బ్యారెల్ వంచి, తెరిచి బల్ల మీద పెట్టి, అందరూ గీత వెనక్కి వచ్చాకే కార్డులు మార్చడానికి వెళ్లాలి. ఇద్దరు పక్కపక్కన కాల్చేటప్పుడు మధ్య మీటరు ఖాళీ. ట్రిగ్గర్ మీదకి వేలు గురి కుదిరాకే పోవాలి.

బ్యారెల్ వంచితే లోపలి స్ప్రింగు బిగిసే స్ప్రింగ్ తుపాకీలో పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ని గట్టిగా పట్టుకుని ఉండండి. ట్రిగ్గర్ జారితే బ్యారెల్ ఎగిరి మూసుకుంటుంది, వేళ్లు నలిగిపోతాయి. పెల్లెట్ లేకుండా కాల్చొద్దు. ఎదురు ఒత్తిడి లేక లోపలి పిస్టన్ ముందుకెళ్లి గొట్టం చివరి గోడని కొట్టుకుంటుంది, సీలు పాడవుతుంది.

కాల్చడం

కుర్చీ, బల్ల, రెండు మోచేతులూ బల్ల మీద. చాలామంది తుపాకీని సంచి మీద ఆనించి బిగపట్టి కాలుస్తారు, అక్కడే గురి చెదురుతుంది. స్ప్రింగ్ తుపాకీ పెల్లెట్ బ్యారెల్ దాటకముందే ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఆ కదలిక ప్రతిసారీ ఒకేలా ఉంటేనే పెల్లెట్లు ఒకచోట పడతాయి. ఎడమ అరచేయి తెరిచి సంచి మీద పెట్టి, దాని మీద తుపాకీని తేలిగ్గా పడుకోబెట్టండి. వేళ్లు మూయొద్దు. భుజానికి తాకీతాకనట్టు ఉంచండి.

వెనక సైటు గాడిలో ముందు సైటు పలక, రెండు వైపులా సమానంగా వెలుగు, పై అంచులు ఒకే మట్టంలో. ఆ పలక మీద నల్లటి చందమామ కూర్చున్నట్టు ఉండాలి. చూపు ముందు సైటు మీద నిలపాలి, కార్డు కాస్త మసకబారినా ఫర్వాలేదు. సగం ఊపిరి వదిలి ఆపండి. ట్రిగ్గర్‌ని వేలి కొస మెత్తన భాగంతో నెమ్మదిగా వెనక్కి తేవాలి. ఏడెనిమిది సెకన్లలో పేలకపోతే దించేసి ఊపిరి తీసుకోండి. పేలాక కూడా ఒక్క క్షణం సైటు మీదే చూపుంచండి. ఫలితం చూడాలని తల ఎత్తినవాడి పెల్లెట్ తలతో పాటే పైకి పోతుంది.

సైటు తిప్పే ముందు ఐదు కాల్చి గుంపు నడిమధ్య చూడండి. ఒక్క చిల్లు చూసి తిప్పితే రోజంతా తిప్పుతూనే ఉంటారు. చిల్లులు ఎటు జరగాలో వెనక సైటుని అటు జరపాలి, ముందు సైటైతే దానికి ఎదురు.

గుంపు అడ్డంగా సాగితే ట్రిగ్గర్ లాగుతున్నారు, లేదా తుపాకీ పక్కకి వాలుతోంది. నిలువుగా సాగితే ఊపిరి. కుడిచేతి వాటం వాళ్లకి కిందా కుడి వైపూ పడుతుంటే ట్రిగ్గర్‌ని గుంజుతున్నారు. బాగా పడుతున్నవి ఉన్నట్టుండి చెల్లాచెదురైతే మనిషిని తిట్టే ముందు స్టాకు (తుపాకీ పిడి) స్క్రూలు చూడండి. ముందు రెండూ, ట్రిగ్గర్ గార్డుదీ యాభై దెబ్బలకొకసారి బిగించాలి. కొత్త తుపాకీ మొదటి వంద దెబ్బల్లో పొగ, గట్టి చప్పుడు ఇస్తే లోపలి నూనె మండుతోందని అర్థం. దానంతటదే తగ్గుతుంది. ఇంకా నూనె పోయొద్దు.

పందేనికి ఒక్కొక్కరికి పది చొప్పున ఆరు వరసలు, గరిష్ఠం 600. చిల్లు గీతని తాకితే లోపలి అంకె లెక్క. ఆఖర్న సుద్దముక్కల్ని బంకమట్టిలో నిలబెట్టి కాల్చండి. తగిలిన వెంటనే పొడైపోతాయి, అందరికీ హుషారు. సీసాలు, సోడా మూతలు, కుండపెంకులు పెట్టొద్దు.

పెల్లెట్ సీసం కాబట్టి గీత దగ్గర తిండీ చుట్టా వద్దు. మజ్జిగ తాగాలన్నా ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లల చేత పెల్లెట్లు ఏరించకండి. గుడ్డల్లో, ఇసుకలో ఉన్నవి జల్లించి ప్లాస్టిక్ సీసాలో పోసి ఇనుప సామాను కొనేవాళ్లకి ఇవ్వండి, చెరువు పక్కన పారేయొద్దు. తీరం గాలికి ఉప్పు ఉంటుంది, చేతి చెమట తోడైతే రెండు రోజుల్లోనే తుప్పు మచ్చలు తేలతాయి. పైనున్న లోహాన్ని కుట్టుమిషను నూనె తడిపిన గుడ్డతో తుడవండి, కొబ్బరినూనె జిగురవుతుంది. కవర్లో పెట్టే ముందు ఒక్కో తుపాకీ బ్యారెల్ వంచి, లోపల పెల్లెట్ లేదని ఇద్దరు చూడాలి.