రొయ్యల గుంటకు సరిపడే డైరీ నేనే కుట్టుకున్నా

బజారు డైరీ జనవరి ఒకటితో మొదలవుతుంది. మా విడవలూరు వైపు రొయ్యల గుంటకు ఆ లెక్క పనికిరాదు. గుంటలో రొయ్య పిల్ల వదిలిన రోజే మాకు ఒకటో రోజు.

అందుకే పుస్తకాలు మార్చుకునే తోలు అట్ట ఒకటి కొని, లోపలి పుస్తకం ఇంట్లోనే చేశా. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. దాన్ని 220కి కోసి మధ్యకు మడిస్తే 110 వెడల్పు, 210 ఎత్తు వస్తుంది, అట్టలో చక్కగా కూర్చుంటుంది. పది కాగితాలకు 40 పేజీలు. ఎదురెదురు పేజీలు రెండూ కలిపి ఒక వారం. నాలుగు పూటల మేత, చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో దించే పళ్లెం) మిగిలింది, పొద్దున సాయంత్రం నీటి పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత), ఒక్కోదానికి ఒక్కో గడి. అమావాస్య, పౌర్ణమి ముందే ఎర్రగా గుర్తు పెడతా. రొయ్యలు ఎక్కువగా అప్పుడే కుబుసం (పై డొప్ప) విడుస్తాయి, ఆ రోజుల్లో మేత తగ్గించాలి కదా!

మడత మీద దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి, మేత బస్తా మూతి విప్పిన దారంతోనే కుట్టా. ఆ దారం తెగదు. కుట్టాక లోపలి కాగితాలు బయటికి పొడుచుకొస్తాయి, అంచు అప్పుడే కోయాలి. జెల్ పెన్ను వద్దు, తడి చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది, బాల్ పెన్నే మేలు.

మిగిలిన 77 మిల్లీమీటర్ల ముక్కలు పారేయొద్దు, బస్తాల లెక్క చీటీలకు వాడుకోవచ్చు.