మూతబడిన పల్లె రైల్వే స్టేషను చరిత్రను రాయడం ఎలా?

ఊరి చివర పాడుబడిన స్టేషను ఎప్పటిదని అడిగితే చాలామంది "నిజాం కాలం నాటిది" అని ఊరుకుంటారు. ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది, నిజాం పాలన 1948 దాకా సాగింది. కాబట్టి ఆ జవాబు డెబ్బై నాలుగేళ్లలో ఏదో ఒక ఏడాదిని సూచిస్తుందే తప్ప తేదీ చెప్పదు. మీరు తేల్చవలసినవి ముఖ్యంగా మూడు: అక్కడ తొలి బండి ఎప్పుడు ఆగింది, చిన్న లైను (మీటర్ గేజ్) పెద్ద లైనుగా (బ్రాడ్ గేజ్) ఎప్పుడు మారింది, చివరి బండి ఎప్పుడు ఆగింది.

మొదట పాత రైల్వే టైంటేబుళ్లను సంపాదించండి. ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో ఓపికగా వెతికితే అప్పుడప్పుడు దొరుకుతాయి. రెండు మూడు దశాబ్దాలవి పక్కపక్కన పెట్టి చూస్తే స్టేషను పేరు ఏ ఏడు మాయమైందో తెలుస్తుంది. అయితే ఊరి పేరు, స్టేషను పేరు ఒకటే అనుకోకండి. వనపర్తి రోడ్ స్టేషను వనపర్తిలో కాక మదనాపురంలో ఉన్నట్టే, "రోడ్" అని ఉన్నచోట అసలు పట్టణం సాధారణంగా దూరంగా ఉంటుంది. పైగా ప్రయాణికుల బండి ఆగడం మానినంత మాత్రాన స్టేషను మూతబడినట్టు కాదు, సరుకు బండ్ల కోసం కొన్నాళ్లు నడిచి ఉండవచ్చు.

హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్ర భాండాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్) నిజాం కాలపు కాగితాలు చూడాలనుకుంటే ఉర్దూ చదవగలిగినవారిని వెంట తీసుకువెళ్లండి. అక్కడ ఏళ్లు ఫసలీలో, అంటే నిజాం ప్రభుత్వం వాడిన సంవత్సరాల లెక్కలో ఉంటాయి. హైదరాబాదు ఫసలీ అక్టోబరులో మొదలవుతుంది కనుక ఇంగ్లీషు ఏడాది రావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, ఆ తర్వాతి నెలలకు 591 కలపాలి. ఉదాహరణకు, జాగీర్ల రద్దు శాసనం 1358 ఫసలీ నాటిది, అంటే 1949 ఆగస్టు. ఈ లెక్కలో ఒక్క ఏడాది తప్పితే తర్వాత రాసిందంతా పక్కకు జరుగుతుంది.

కాగితాల కంటే కట్టడాన్ని చూడడమే నాకు ఎక్కువ ఇష్టం. కాచిగూడ–మహబూబ్‌నగర్ మార్గంలో 1990లలో మీటరు వెడల్పు పట్టాలు తీసి 1676 మిల్లీమీటర్ల పట్టాలు వేశారు. అప్పుడు ప్లాట్‌ఫారం ఎత్తు పెంచినచోట పాత గది గడప ఇప్పటి నేల కంటే దిగువన మిగిలి ఉండవచ్చు. ఉంటే దాన్ని టేపుతో కొలిచి, ఫొటో తీసి, తేదీ వేయండి. కంచెకు పాతిన పట్టా ముక్క నడుము మీద తయారీ సంవత్సరం కనిపిస్తే సంబరపడకండి, అది ఆ పట్టా పుట్టిన ఏడే. పట్టాలు ఒక చోటు నుంచి మరో చోటికి తరలుతూనే ఉంటాయి.

పెద్దలను అడిగేటప్పుడు "ఏ సంవత్సరం?" అని మొదలుపెడితే పని జరగదు. ఒక తాత నాతో "మా చిన్నబిడ్డ పెండ్లికి చుట్టాలు ఆ బండిలనే దిగిన్రు, మల్ల ఏడు బండి ఆగలే" అన్నాడు. ఇంట్లో దాచిన శుభలేఖ తీసి చూస్తే తేదీ దానంతటదే బయటపడింది. గ్యాంగుమెన్‌గా చేసినవారిని, పట్నం కూలికి పోయివచ్చినవారిని, కురుమూర్తి జాతరకు రైలెక్కినవారిని వేర్వేరుగా అడగండి, ఎందుకంటే నలుగురు కలిసి కూర్చుంటే గట్టిగా మాట్లాడినవారి జ్ఞాపకమే అందరిదీ అవుతుంది.

మిగిలిన సందేహాలకు 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. నిజాం రైల్వే లైన్లు 1951లో సెంట్రల్ రైల్వేలో చేరి, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేకు వచ్చాయి కాబట్టి మధ్యకాలపు ఫైళ్ల కోసం ముంబైకీ రాయవలసి రావచ్చు. లైను నడుస్తున్నచోట మాత్రం అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లకండి: 1989 రైల్వే చట్టంలోని 147వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.