మేడ మీది పాత ఇంటిని రెండు పోర్షన్లు చేయడం ఎలా?

అడ్డుగోడ ఎక్కడ లేపాలన్నది తర్వాత సంగతి. ముందు ఇంటి చుట్టూ తిరిగి డ్రైనేజీ పైపు ఎటు దిగుతోందో చూడండి. కొత్త బాత్రూమ్, వంటగది సింకు ఆ గోడవైపే రావాలి.

1. గోడలు తేల్చుకోండి. పాత ఇళ్లలో చాలావాటికి పిల్లర్లుండవు, 9 అంగుళాల గోడలే శ్లాబ్‌ను మోస్తాయి. పైన బీమ్ కనబడకపోతే ఆ గోడ తీయొద్దు. గుమ్మం కావాలంటే ముందు శ్లాబ్‌కు జాకీలు బిగించి, లింటెల్ (గుమ్మం పైన గోడ బరువు మోసే అడ్డదూలం) రెండు వైపులా కనీసం 6 అంగుళాలు గోడ మీద కూర్చునేలా వేసి, ఆ తర్వాతే కింద పగలగొట్టాలి. ఈ ఒక్క పనికి మేస్త్రి మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించండి.

2. అడ్డుగోడ తేలికగా ఉండాలి. 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కడితే ప్లాస్టరింగ్‌తో కలిపి రెండు టన్నుల పైమాటే. 4 అంగుళాల ఏఏసీ బ్లాకులతో (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు దిమ్మెలు) కడితే అందులో సగం కూడా ఉండదు.

3. బాత్రూమ్. అసలు తలనొప్పి ఇక్కడే. లెవెల్ కోసం శ్లాబ్‌ను చెక్కనివ్వకండి. కడ్డీలు బయటపడి తుప్పు పడతాయి, కొన్నేళ్లకు కింది ఇంట్లో పెచ్చులూడతాయి. నేలనే ఐదారు అంగుళాలు ఎత్తు చేసుకోండి. కమోడ్‌ను బయటి గోడకు ఆనించి, పీ-ట్రాప్ రకం తీసుకుంటే పైపు నేలలోకి దిగకుండా నేరుగా గోడలోంచి బయటికి పోతుంది. 110 మి.మీ. పైపుకు 3 అడుగులకు అంగుళం వాలు చాలు.

నేల ఎత్తు చేసే ఫిల్లింగ్ వేయకముందే శ్లాబ్‌ను కడిగి ఆరబెట్టి, వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు వేయాలి. రెండో కోటు మొదటిదానికి అడ్డంగా. గోడల మీద పూర్తయిన నేలకు అడుగు పైదాకా, షవర్ దగ్గర 6 అడుగుల దాకా ఆ కోటింగ్ వేయండి. లీకులు ఎక్కువగా పుట్టేది నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పైపులోకి దిగే జాలీ) చుట్టూ. అక్కడ మామూలు సిమెంటు ఆరాక కుంచించుకుని సన్నని సందు వదులుతుంది. కుంచించుకోని గ్రౌట్ (సందులు పూడ్చే మిశ్రమం) వాడమనండి.

కోటింగ్ పూర్తిగా ఆరాక పైపు మూసి 2 అంగుళాల నీళ్లు నిలిపి, గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి 48 గంటలు వదిలేయండి. కింది ఇంటి సీలింగ్‌లో చెమ్మ కనబడితే టైల్స్ మాట ఎత్తొద్దు. టైల్స్ వాలు అడుగుకు 3 మి.మీ.

4. కరెంటు. గీజర్‌కు, ఏసీకి విడివిడిగా 4 చదరపు మి.మీ. వైరు, ప్లగ్గులకు 2.5, లైట్లకు 1.5. పాత వైరింగ్‌లో చాలాచోట్ల ఎర్త్ వైరే ఉండదు, కాబట్టి కొత్తగా లాగించి, ఒక్కో పోర్షన్‌కు వేరే బోర్డు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి.

ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి ఫోటో తీసుకోండి. రేపు గీజర్ బిగించడానికి డ్రిల్లు పట్టేవాడికి పైపు ఎక్కడుందో చెప్పేది ఆ ఫోటోనే.