గాలి ఉంది, కైట్ లేవట్లేదు: ధ్రువపు మంచు మీద సమస్యలు - పరిష్కారాలు

గ్రీన్‌ల్యాండ్ మంచును స్కీల మీద, కైట్‌తో (అంటే మనిషిని లాక్కెళ్లే పెద్ద గుడ్డ గాలిపటంతో) దాటుదామని, స్లెడ్జ్ లాగే సాధన కోసం బెంగళూరులో శనాదివారాలు నడుముకి టైరు కట్టుకుని లాగుతున్న మనవాళ్లు కొందరున్నారు. వాళ్లు పదే పదే అడిగేవే ఇక్కడ రాస్తున్నాను. మంచు మీద సమస్య బయటపడే చోటు ఒకటి, పుట్టే చోటు ఇంకొకటి. పొద్దున కైట్ మొరాయిస్తే నిన్న సాయంత్రం దాన్ని ఎలా మడిచారో ముందు గుర్తు తెచ్చుకోండి.

మొహానికి గాలి తగులుతోంది, కైట్ మాత్రం లేచినట్టే లేచి కూలబడుతోంది. మంచును ఆనుకున్న గాలి బాగా చల్లబడి, బరువెక్కి, నేలను అంటిపెట్టుకుని మందకొడిగా ఉంటుంది. అసలు గాలి దాని పైన వీస్తుంది. మామూలు 20-25 మీటర్ల తాళ్లతో కైట్ ఆ పై గాలిని సరిగ్గా అందుకోలేదు, పొడిగింపు కట్టి 40-50 మీటర్లు చేస్తే అదే కైట్ నిలబడుతుంది. కాకపోతే పొడుగు తాళ్లతో అది నిదానంగా తిరుగుతుంది, చిక్కులు కూడా ఎక్కువే పడతాయి. పొడిగింపు ముక్కలకి ముడులు ఇంట్లోనే వేసి పెట్టుకోండి, మైనస్ 25లో వట్టి చేతులతో వేద్దామనుకుంటే అయినట్టే.

రెండో కారణం టైమింగ్. మధ్యలో ఎత్తుగా ఉన్న మంచు మీద చల్లబడ్డ గాలి వాలు వెంట తీరం వైపు జారుతుంది, దీన్నే కటబాటిక్ గాలి అంటారు. గ్రీన్‌ల్యాండ్ వేసవిలో అది సాధారణంగా రాత్రి, తెల్లవారుజామున బలంగా ఉండి మధ్యాహ్నానికి నీరసిస్తుంది. అక్కడ అప్పుడు రాత్రి కూడా వెలుతురే కాబట్టి పగలు పడుకుని రాత్రి బయల్దేరండి. ఎక్కేటప్పుడు ఈ గాలి ఎదురు, దిగేటప్పుడు తోడు. 1888లో నార్వే అన్వేషకుడు నాన్‌సెన్ బృందం గ్రీన్‌ల్యాండ్‌ని దాటినప్పుడు పడమటి వాలులో స్లెడ్జ్‌లకి తెరచాపలు కట్టింది ఇందుకే. కైట్‌తో సూటిగా ఎదురుగాలిలోకి ఎవరూ పోలేరు, ఆ రోజుల్లో స్కీల మీద లాగుడే.

గాలి బాగున్నా కైట్ ఒక పక్కకే వాలుతోందంటే లోపల మంచు చేరింది. ఫాయిల్ కైట్ గదులు గదులుగా ఉంటుంది, ఈడ్చుకుపోయినప్పుడు నోళ్లలోంచి పొడిమంచు దూరి చివరల్లో పోగవుతుంది. చాలా కైట్లకి రెక్క చివర వెల్‌క్రో మూత ఉంటుంది, తెరిచి దులిపితే గుప్పెళ్ల కొద్దీ రాలుతుంది. పాపం తడిసిందని కైట్‌ని టెంట్‌లోకి తీసుకెళ్లకండి, కరిగిన నీళ్లు పొద్దున్నకి గడ్డకట్టి గుడ్డ అట్టలా తయారవుతుంది.

కైట్ మనిషినే ఎత్తేస్తోంది. ఇందులో కారణం వెతకడానికేం లేదు, ఆశ. కిలోమీటర్లు పడుతున్నాయి కదా అని పెద్ద కైట్‌నే ఉంచేశారు, గాలి పెరిగింది. ఒక సైజు దిగండి, దానికి టైం లేకపోతే కైట్ లాగుడుని వదిలించే రిలీజ్ లాగేయండి. ఆ రిలీజ్‌లో మంచు ఇరుక్కుని పనిచేయకపోవచ్చు, అందుకే రోజూ బయల్దేరే ముందు లావు మిట్టెన్స్ (చేతి తొడుగులు) తోనే ఒకసారి లాగి చూడాలి. ఈ ప్రాక్టీస్‌కి బెంగళూరు పనికిరాదు, అపార్ట్‌మెంట్ల మధ్య గాలి గిరికీలు కొడుతుంది. చెన్నై దగ్గర కోవళం బీచ్‌లో మధ్యాహ్నం సముద్రపు గాలి సాఫీగా వస్తుంది. ఎవరైనా వచ్చి ఆపితే, మాంజా నిషేధం ఉన్న ఊరు కదా, ఓపిగ్గా తాళ్లు చూపించి “ఇది మాంజా కాదు సార్” అనండి.

సామాన్ల పల్క్, అంటే వెనకాల లాగే స్లెడ్జ్, మాటిమాటికీ బోల్తా పడుతోంది. గాలి చెక్కిన గట్టి మంచు గట్లు, అంటే సస్త్రుగి, మీద ఇది మామూలే. బరువు పైన ఉంటే మాత్రం మీ తప్పే: తిండి, ఇంధనం అడుగున, బ్యాగులు పైన. ఇంధనం వెనక్కి పెట్టండి, కారితే తిండి పాడవకుండా. కైట్ వేసినప్పుడు లాగే తాడు పొడుగ్గా ఉండాలి, లేకపోతే వాలులో పల్క్ వచ్చి మడమల్ని గుద్దుతుంది.

గాలి లేని రోజు పల్క్ కదలట్లేదు. మైనస్ 30లో అడుగున జారుడుకి సాయపడే పల్చటి నీటి పొర సరిగ్గా ఏర్పడదు, బీచ్‌లో ఎండిన ఇసుక మీద టైరు లాగినట్టే ఉంటుంది. అడుగున పట్టిన పెచ్చులు గీకేయండి, ఎండ ఎక్కేదాకా నిదానించండి. అంతకు మించి మందు లేదు.

వేళ్ల కొసలు తెల్లబడి స్పర్శ తెలియట్లేదు. పల్క్ లాగేటప్పుడు ఒళ్లు వేడెక్కుతుంది. కైట్‌తో పోయేటప్పుడు పని గాలిది, మనం కైట్‌ని నడిపే బార్ పట్టుకుని దాదాపు నిలబడే ఉంటాం, దానికి తోడు వేగం వల్ల తగిలే చలి. డిసెంబరు బెంగళూరుకే మంకీ క్యాప్ పెట్టే మనకి ఇది వేరే చెప్పాలా? భయంతో బార్‌ని గట్టిగా నలిపేస్తే రక్తం ఇంకా ఆగుతుంది, లాగుడు బరువు నడుముకి కట్టుకునే హార్నెస్ పట్టీ మీద వేసి వేళ్లు వదులుగా ఉంచండి. వేళ్లు తెల్లబడ్డాయా, వెంటనే కైట్ దించి చేతులు చంకల్లో పెట్టుకోండి. రుద్దొద్దు. వేళ్లు గట్టిగా గడ్డకట్టేసి ఉండి మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే దారిలో కరిగించకండి, అది ఇంకా పెద్ద దెబ్బ.

సాయంత్రం ప్యాంటు విప్పితే తొడల ముందు భాగంలో ఎర్రటి దురద మచ్చలు కనిపించాయనుకోండి, పోలార్ థై మొదలైనట్టు. అక్కడ చలిగాలి తగులుతున్నా చాలాసేపు తెలియదు. పైన చలి ఆపే ఇన్సులేటెడ్ షార్ట్స్ వేసుకోండి, పుండ్లు పడేదాకా ఆగకండి.

టెంట్‌లో తలనొప్పి, వికారం. “ఎత్తు కదా బాస్, అలాగే ఉంటుంది” అని పడుకునేవాళ్లంటేనే నాకు టెన్షన్. ముందు స్టవ్‌ని అనుమానించండి. టెంట్ వెంట్లు (గాలి ఆడే కంతలు) మంచుతో మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ నిండి ఉండొచ్చు. ముందు స్టవ్ ఆపి అందరూ బయటికి, ఆ తర్వాత వెంట్లు తవ్వడం. మంట పసుపుగా, మసిగా వస్తోందంటే బర్నర్ సరిగ్గా వేడెక్కలేదు. పంపులో ప్రెషర్ ఎక్కట్లేదంటే తోలు వాషర్ బిగుసుకుంది, నూనె రాసి కాసేపు జాకెట్‌లో పెట్టుకోండి. స్పేర్ పంపు లేకుండా మాత్రం బయల్దేరకండి, స్టవ్ లేకపోతే తాగడానికి నీళ్లే లేవు.

బ్యాటరీ 40 శాతం చూపిస్తూనే శాటిలైట్ ఫోన్ ఆఫ్ అయింది. చలి. ఒంటికి ఆనించి ఉంచండి, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టండి. లిథియం అయాన్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ పెట్టొద్దు, ముందు వెచ్చబడనివ్వండి.