ఎండలు ముదరకముందే లాన్‌కి అన్నభేది కొట్టేవాళ్ళకి నాలుగు జాగ్రత్తలు

రోహిణి కార్తె ఇంకా నెల పైనే ఉంది, అప్పుడే మా విజయనగరంలో లాన్‌లు పాలిపోవడం మొదలైపోయింది, గడ్డికి ఐరన్ ఇచ్చే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పొట్లం, సీవీడ్ (సముద్రపు నాచు రసం) సీసా తెచ్చేసి రెండూ కలిపి కొట్టేద్దామని చాలామంది చూస్తున్నారు. కొట్టండి, కాదనను. కానీ పోయినేడు నేను చేసిన పని మాత్రం చెయ్యకండి. పొద్దున్న పది దాటాక, మూడు రోజులు నీళ్ళు పెట్టని గడ్డి మీద, అదీ డబుల్ డోసు. సాయంత్రానికి నల్లగా మాడిపోయింది. అది చాలదన్నట్టు అవే తడి చెప్పులతో గేటు దాకా నడిచేశాను, ఆ తుప్పు అచ్చులు సిమెంటు మీద ఇప్పటికీ ఉన్నాయి, మా అమ్మ రోజూ వాటిమీదే ముగ్గేస్తూ నన్ను తిట్టుకుంటాది.

అసలు ఐరన్ తక్కువైందో లేదో ముందు చూసుకోండి. లేతాకు పసుపైపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఐరన్. కింది ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని. నడిచిన అడుగులు అలాగే పడుండిపోయి గడ్డి బూడిద రంగుకి తిరిగిందంటే అది దాహం, దానికి నీళ్ళే మందు, ఏ స్ప్రే కొట్టినా దండగ.

లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. నిమ్మ ఉప్పు ముందు కరగాలి. ఎందుకంటే మా బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్ల పొర కట్టేస్తాది, అలాంటి నీళ్ళలో ఉత్త అన్నభేది వేస్తే కాసేపటికే ఎర్రమట్టి నీళ్ళలా అయిపోతాది, ఇంక ఆ ఐరన్ ఆకుకి అందదు. కలిపింది ఆ పూటే అవగొట్టాలి, రేపటికి దాచొద్దు. డీఏపీ, 19:19:19 లాంటి భాస్వరం ఉన్న ఎరువులు ఇందులో కలిపారంటే విరిగిపోయి నాజిల్ మూసుకుపోతాది.

సీవీడ్ ఎరువు కాదండీ, ఎండ దెబ్బ తగలకముందు నుంచీ కొడితే గడ్డి కాస్త తట్టుకుంటాది, ఎండిపోయాక పోసి లాభం లేదు. కొన్ని సీవీడ్‌లు క్షారం వేసి తీసినవి, అన్నభేదితో పడవు. చిన్న గాజు సీసాలో రెండూ డోసు ప్రకారం కలిపి అరగంట ఉంచండి, అడుగున గసి దిగితే వేరువేరు రోజుల్లో కొట్టుకోండి.

ముందురోజు బాగా నీళ్ళు పెట్టి, మర్నాడు ఎండ దిగాక కొట్టాలి. మధ్యాహ్నం మబ్బేసి ఈదురుగాలి లేచేలా ఉంటే ఆ రోజుకి మానేయండి, వాన పడితే మందంతా కడుక్కుపోతాది. కలుపు మందు కొట్టిన ట్యాంకు అయితే అస్సలు వద్దు. గ్లౌజులు వేసుకోండి, ఆరేదాకా గుంటల్ని, కుక్కని లాన్‌లోకి రానివ్వకండి, మిగిలిన పొడి కూల్‌డ్రింక్ సీసాల్లో పెట్టకండి. సిమెంటు మీద చుక్క పడితే తడిగా ఉండగానే కడిగేయాలి, ఆరాక ఎంత తోమినా పోదు, నేను తోమే చెప్తున్నాను.

మొత్తం కొట్టేముందు ఓ మూల గజం జాగాలో కొట్టి రెండ్రోజులు చూడండి, కొట్టాక రెండ్రోజులు గడ్డి కొయ్యకండి.